జగదీశ్ చంద్ర బోస్

సర్ జగదీశ్ చంద్ర బోస్ (నవంబరు 30, 1858 – నవంబరు 23, 1937) బెంగాల్‌కు చెందిన ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, వృక్ష శరీరధర్మ శాస్త్రవేత్త. మిల్లీమీటర్లలో కొలవదగిన అతి చిన్న విద్యుదయస్కాంత తరంగాలను ఉత్పత్తి చేసి, వాటిని గుర్తించే గ్రాహకాలను తయారుచేసిన తొలి తరం పరిశోధకులలో ఈయన ముఖ్యుడు. అర్ధవాహక పదార్థంతో చేసిన పరికరానికి పేటెంటు పొందిన మొదటి వ్యక్తిగా కూడా ఈయనను పేర్కొంటారు. బెంగాలీ భాషలో విజ్ఞాన వ్యాసాలు, కల్పనా కథలు వ్రాసిన తొలి రచయితలలో ఈయన ఒకడు.

మొక్కలకు ప్రాణం ఉందని కనుగొన్న శాస్త్రవేత్తగా ఈయన మన విద్యార్థులకు పరిచయం. ఈ మాట సరికాదు. మొక్కలకు ప్రాణం ఉన్న సంగతి బోస్‌కు ఎంతో ముందునుండి అందరికీ తెలిసినదే. బాహ్య ప్రేరణకు మొక్క ఇచ్చే ప్రతిస్పందనను పరికరంతో కొలిచి, గీత రూపంలో నమోదు చేయడం బోస్ చేసిన పని. అంతకుముందు రేడియో తరంగాల విషయంలో చేసినదీ దాదాపు అదే. మన ఇంద్రియాలకు అందని బలహీనమైన సంకేతాన్ని పట్టుకొని, కొలవదగిన విద్యుత్ మార్పుగానో యాంత్రిక చలనంగానో మార్చే సాధనాన్ని నేడు సెన్సర్ అంటున్నాము. పైకి పొంతన లేనట్లు కనిపించే బోస్ పరిశోధనలు రెండింటినీ కలిపే దారం ఇదే.

విద్యార్థులు ఈయనను బోస్-ఐన్‌స్టీన్ గణాంకాలకు పేరుపొందిన సత్యేంద్రనాథ్ బోస్‌గా పొరబడటం కూడా తరచు జరుగుతుంది. సత్యేంద్రనాథ్ ఈయనకు బంధువు కాదు, ప్రెసిడెన్సీ కళాశాలలో ఈయన వద్ద చదువుకున్న శిష్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

బోస్ 1858 నవంబరు 30న మైమన్‌సింగ్‌లో జన్మించాడు. పూర్వీకుల గ్రామం ఢాకా జిల్లా విక్రమ్‌పూర్ ప్రాంతంలోని రాడీఖాల్. ఇవి రెండూ నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. తండ్రి భగవాన్ చంద్ర బోస్ డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసిన బ్రహ్మసమాజీకుడు. తల్లి బామాసుందరి దేవి.

ఆ కాలపు ఉన్నతోద్యోగులు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపడం గౌరవంగా భావించేవారు. భగవాన్ చంద్ర మాత్రం కుమారుడిని ముందు బెంగాలీ పాఠశాలలో చేర్చాడు. మాతృభాష రాకుండా పరభాష నేర్వరాదని ఆయన అభిప్రాయం. ఆ బడిలో జగదీశ్‌కు ఒక ప్రక్క తండ్రి వద్ద పనిచేసే ముస్లిం సేవకుని కొడుకు, మరొక ప్రక్క జాలరి కొడుకు కూర్చునేవారు. వారు చెప్పిన పక్షుల, జంతువుల, నీటి ప్రాణుల కథల వల్లనే తనకు ప్రకృతిపై ఆసక్తి కలిగినదని బోస్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

1869లో కలకత్తాలోని హేర్ స్కూలులోను, తరువాత సెయింట్ జేవియర్స్ పాఠశాలలోను చేరాడు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన ఫాదర్ యూజీన్ లఫాఁ తరగతిలోనే ప్రయోగాలు చేసి చూపించేవాడు. ఆయన ప్రభావం బోస్‌పై బలంగా పడింది. 1879లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్ళాడు. అయితే స్వదేశంలోనే పట్టుకున్న జ్వరం అక్కడ తిరగబెట్టింది. శవచ్ఛేదన గదిలోని వాసనకు అది మరింత హెచ్చేది. దానితో వైద్యవిద్య మాని, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు చదివి 1884లో ట్రైపాస్ పట్టా పొందాడు. లండన్ విశ్వవిద్యాలయం నుండి బి.ఎస్సీ. పట్టా కూడా సంపాదించాడు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో లార్డ్ రేలీ, వృక్షశాస్త్రంలో ఫ్రాన్సిస్ డార్విన్ మొదలైనవారు ఈయన గురువులు. ముందుముందు ఈ రెండు శాస్త్రాలూ ఈయనకు అక్కరకు వచ్చాయి.

జీతం తీసుకోని మూడేళ్ళు

1885లో స్వదేశానికి వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యునిగా తాత్కాలిక నియామకం పొందాడు. అప్పటి ప్రభుత్వ విద్యాశాఖలో ఒకే స్థాయి ఉద్యోగానికి యూరోపియన్‌కు ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులు మాత్రమే భారతీయునికి ఇచ్చేవారు. బోస్ నియామకం తాత్కాలికం కనుక అందులోనూ సగమే, అనగా యూరోపియన్ ఆచార్యుని జీతంలో మూడవ వంతు నిర్ణయించారు. బోస్ వాదోపవాదాలకు దిగలేదు. ప్రతిరోజూ పాఠం చెప్పి, జీతం మాత్రం ముట్టకుండా మూడు సంవత్సరాలు గడిపాడు. ఆ సమయంలో తండ్రి వ్యాపారాలలో నష్టపోయి అప్పుల్లో ఉన్నాడన్నది గమనిస్తే ఈ నిరసన ఎంత కష్టమైనదో అర్థమవుతుంది. చివరకు కళాశాల అధ్యక్షుడు టానీ, విద్యాశాఖ డైరెక్టరు సర్ ఆల్ఫ్రెడ్ క్రాఫ్ట్ ఈయన బోధనా సామర్థ్యాన్ని గుర్తించారు. ఉద్యోగం స్థిరపరచి, మూడేళ్ళ పూర్తి జీతం వెనుకటి తేదీ నుండి చెల్లించారు. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి ఉపయోగపడింది.

1887లో బోస్ వివాహం దుర్గామోహన్ దాస్ కుమార్తె అబలా దాస్‌తో జరిగింది. ఆమె మద్రాసు వైద్య కళాశాలలో కొంతకాలం చదివి అనారోగ్యం వల్ల చదువు మానవలసి వచ్చింది. అబలా బోస్ తరువాత స్త్రీ విద్యకోసం విశేష కృషి చేసింది.

అతి చిన్న తరంగాలు

విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగపూర్వకంగా నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హెన్రిక్ హెర్ట్జ్ 1894 జనవరి 1న మరణించాడు. ఆయన కృషిపై ఆలివర్ లాడ్జ్ చేసిన ఉపన్యాసం ఆ సంవత్సరమే అచ్చయింది. అది చదివిన బోస్, తన 36వ పుట్టినరోజున ఇకపై జీవితాన్ని పరిశోధనకు అంకితం చేయాలని నిశ్చయించుకున్నాడు. కళాశాలలో పరిశోధనశాల అంటూ ఏదీ లేదు. స్నానాల గదికి ఆనుకొని ఉన్న చిన్న గదిని బాగుచేయించి, తన జీతంలోంచి ఖర్చు పెట్టి, స్థానికంగా దొరికిన ఒక తగరపు పనివానికి నేర్పి పరికరాలు చేయించాడు.

కాంతికి, విద్యుత్ తరంగాలకు స్వభావం ఒకటే అయితే, పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం వంటి కాంతి ధర్మాలన్నీ ఈ తరంగాలకూ ఉండాలి. హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి కనుక వాటికి తగిన పట్టకం కోసం అర టన్నుకు పైగా తారు పోతపోయవలసి వచ్చింది. తరంగదైర్ఘ్యాన్ని తగ్గిస్తే పరికరం మొత్తం బల్లమీద పడుతుందని బోస్ ఆలోచించాడు. 25 మిల్లీమీటర్ల నుండి 5 మిల్లీమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల తరంగాలను సాధించాడు. నేటి లెక్కలో ఇది 12 నుండి 60 గిగాహెర్ట్జ్. అంటే పై హద్దు వద్ద సెకనుకు 6,000 కోట్ల కంపనాలు.

ఈయన వాడిన సామగ్రి చూస్తే ముచ్చట కలుగుతుంది. తరంగాలను ఒక దిశలో నడిపించే లోహపు గొట్టాలు, వాటి చివర గరాటు వంటి కొమ్ములు తయారుచేశాడు. వీటిని నేడు వేవ్‌గైడ్, హార్న్ యాంటెన్నా అంటారు. బ్రాడ్‌షా రైల్వే టైంటేబిల్ పుస్తకం పుటల మధ్య తగరపు రేకులు పెట్టి దానినే ధ్రువణకారిగా ఉపయోగించాడు. జనపనారను పురిపెట్టి, ఆ పురి తిరిగిన దిశనుబట్టి తరంగపు ధ్రువణ తలం ఎటు తిరుగుతుందో 1898లో చూపాడు. బెంగాల్‌లో సులువుగా దొరికే నారతో ఒక మౌలిక ప్రయోగం జరిగింది.

1895లో కలకత్తా టౌన్ హాలులో లెఫ్టినెంట్ గవర్నరు సమక్షంలో ఒక బహిరంగ ప్రదర్శన ఇచ్చాడు. తరంగాలు మధ్యలోని గోడలను, మనుషులను దాటి సుమారు 75 అడుగుల దూరాన ఉన్న గంటను మ్రోగించి, కొద్దిపాటి తుపాకీమందును పేల్చాయి. అదే సంవత్సరం మే నెలలో తొలి పరిశోధనా పత్రాన్ని బెంగాల్ ఆసియాటిక్ సొసైటీలో చదివాడు. తరువాతి పత్రాలు లార్డ్ రేలీ ద్వారా లండన్ చేరాయి. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. పట్టా ఇచ్చింది. 1897 జనవరి 29న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారపు ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసం విన్న లార్డ్ కెల్విన్ పై అంతస్తుకు కష్టపడి నడిచి వెళ్ళి శ్రీమతి బోస్‌ను అభినందించాడంటారు.

గ్రాహకాలు

తరంగాన్ని పుట్టించడం ఒక ఎత్తు, దానిని గుర్తించడం మరొక ఎత్తు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్రాన్లీ 1890లో ఒక సాధనం కనుగొన్నాడు. గాజు గొట్టంలో వదులుగా పోసిన లోహపు రజను మామూలుగా విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు. తరంగం తాకగానే ప్రవహించనిస్తుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయన్న భావనతో లాడ్జ్ దీనికి కోహెరర్ అని పేరుపెట్టాడు. దీనిలో రెండు చిక్కులున్నాయి. ఒకసారి స్పందించిన తరువాత గొట్టాన్ని తట్టితే తప్ప మళ్ళీ మొదటి స్థితికి రాదు. పైగా ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయిస్తుంది. కలకత్తా వేడికీ తేమకూ ఇది మరీ నమ్మదగనిదయింది.

బోస్ రజను తీసివేసి సన్నని ఉక్కు స్ప్రింగులను ఒక గాడిలో పక్కపక్కన పేర్చాడు. ఒక మర త్రిప్పితే వాటి మధ్య ఒత్తిడి మారుతుంది. బ్యాటరీనుండి ఇచ్చే వోల్టేజీని కూడా సన్నగా సరిచేసుకునే వీలుంది. ఈ రెండింటినీ సరిగా కుదిర్చితే గ్రాహకం ఎంతో బలహీనమైన తరంగానికి కూడా స్పందించేది. గ్రాహకాన్ని సరైన వోల్టేజీ వద్ద నిలపడం నేటి ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు బయాస్ పేరుతో మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటారు.

తట్టవలసిన అవసరం లేకుండా దానంతట అదే కోలుకునే గ్రాహకాలపై బోస్ పత్రం 1899లో రాయల్ సొసైటీలో వెలువడింది. అందులో ఇనుము, పాదరసం, ఇనుము కలయికతో చేసి టెలిఫోనుకు జతపరచిన గ్రాహకం ఒకటి. దాదాపు ప్రతి లోహాన్నీ, ఎన్నో ఖనిజాలనూ పరీక్షించి, వోల్టేజీ మార్చినకొద్దీ ప్రవాహం ఎలా మారుతుందో గీతలు గీశాడు. కొన్ని పదార్థాలలో ఓమ్ నియమం చెప్పినట్లు సరళరేఖ రాలేదు, వంపు వచ్చింది. తరంగాన్ని గుర్తించగలిగేది ఆ వంపువల్లనే. అణువుల అమరికలో వచ్చే తాత్కాలిక మార్పు దీనికి కారణమని బోస్ అనుకున్నాడు. లోహాల ఉపరితలం మీది పలుచని ఆక్సైడు పొర, గెలీనా వంటి ఖనిజాల అర్ధవాహక స్వభావం ఇందులో పాత్ర వహిస్తాయని తరువాతి భౌతికశాస్త్రం తేల్చింది. బోస్ వివరణ నిలవలేదు, కొలతలు నిలిచాయి.

మార్కోనీతో వివాదం

1901 డిసెంబరు 12న గుగ్లీల్మో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం ఆవలినుండి వచ్చిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నానని ప్రకటించాడు. ఆయన వాడిన గ్రాహకాలలో పాదరసంతో చేసి టెలిఫోనుకు కలిపినది ఒకటి ఉంది. ఇటలీ నౌకాదళానికి చెందిన లుయీజీ సొలారీ దానిని మార్కోనీకి ఇచ్చాడు కనుక ఇటాలియన్ నేవీ కోహెరర్ అని పేరు వచ్చింది. ఇది 1899లో బోస్ ప్రచురించిన గ్రాహకమేనని ప్రొబీర్ బంద్యోపాధ్యాయ 1998లో ఐ.ఇ.ఇ.ఇ. పత్రికలో వాదించాడు. ఈ వాదనను అందరూ అంగీకరించలేదు.

దీనిని ఆధారం చేసుకొని రేడియోను కనిపెట్టినది బోసేనని, మార్కోనీ దొంగిలించాడని మన పత్రికలలో తరచు వ్రాస్తుంటారు. ఇంతదూరం పోనక్కరలేదు. మార్కోనీ లక్ష్యం దూరప్రాంతాలకు వార్తలు పంపడం. అందుకు ఆయన పొడవైన తరంగాలు వాడాడు. బోస్ వాడిన మిల్లీమీటరు తరంగాలు భూమి వంపును దాటి అంత దూరం పోలేవు, వాటితో వార్తలు పంపే వ్యవస్థ నిర్మించాలని ఈయన ప్రయత్నించనూ లేదు. గ్రాహకాల విషయంలో మాత్రం ఈయనకు దక్కవలసిన పేరు సుమారు ఒక శతాబ్దం ఆలస్యంగా దక్కిందన్నది వాస్తవం.

పేటెంటు

పరిశోధనతో ధనార్జన చేయరాదని బోస్ పట్టుదల. 1901 మే నెలలో లండన్‌లో ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఈయనను కలిసి, గ్రాహకంపై పేటెంటు తానే తీసుకుంటానని, లాభంలో సగం ఇస్తానని అడిగాడు. బోస్ నిరాకరించాడు. ఈ సంగతి మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూర్‌కు వ్రాసిన లేఖ వల్ల తెలుస్తున్నది.

స్నేహితులు ఊరుకోలేదు. సోదరి నివేదిత, అమెరికన్ మహిళ సారా బుల్ పట్టుపట్టి ఒప్పించడంతో 1901 సెప్టెంబరు 30న అమెరికాలో దరఖాస్తు దాఖలయింది. 1904 మార్చి 29న 755,840 సంఖ్యతో పేటెంటు మంజూరయింది. ఇది గెలీనా అనే సీసపు ఖనిజపు స్ఫటికంతో చేసిన గ్రాహకం. పేటెంటులో సగం హక్కు సారా బుల్ పేర ఉంది. ఈ పరికరం రేడియో తరంగాలకే కాక కాంతికి కూడా స్పందించేది కనుక బోస్ దీనిని కంటిలోని నేత్రపటలంతో పోల్చాడు. పేటెంటు చేతికి వచ్చినా ఈయన దానిని వాడుకొని ఆదాయం పొందలేదు. 1920ల నాటికి గెలీనా స్ఫటికం, ఒక సన్నని తీగ, చెవి టెలిఫోనుతో తయారైన చవక రేడియోలు అనేక దేశాలలో ఇంటింటా వినిపించాయి.

ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకడైన వాల్టర్ బ్రాటెయిన్, అర్ధవాహక స్ఫటికంతో రేడియో తరంగాలను గుర్తించడంలో బోస్‌దే అగ్రస్థానమని తరువాతి కాలంలో అంగీకరించాడు.

అలసిపోయే గ్రాహకం

బోస్ జీవితం మలుపు తిరిగినది ఒక చిన్న పరిశీలనతో. గ్రాహకాన్ని ఎడతెగక వాడితే దాని సున్నితత్వం తగ్గిపోతున్నది. కొంతసేపు విశ్రాంతి ఇస్తే మళ్ళీ కోలుకుంటున్నది. మరొకరైతే దీనిని పరికరపు లోపంగా భావించి సరిచేసే ఉపాయం వెదికేవారు. బోస్‌కు ఆ గీతలు అలసిన కండరం గీతలవలె కనిపించాయి. కొన్ని రసాయనాలు లోహపు స్పందనను పెంచాయి, కొన్ని మందగింపజేశాయి, కొన్ని పూర్తిగా ఆపివేశాయి. జీవమున్నవాటికి, లేనివాటికి మధ్య గల ఈ పోలికను 1900లో పారిస్ అంతర్జాతీయ భౌతికశాస్త్ర సమావేశంలో వివరించాడు. లోహానికి, జంతువుకు మధ్యలో మొక్క ఉన్నది కదా అని తరువాత మొక్కలను పరీక్షించాడు.

1901 జూన్ 6న రాయల్ సొసైటీలో ఈ విషయంపై ప్రసంగించినపుడు శరీరధర్మ శాస్త్రవేత్తలు సర్ జాన్ బర్డన్ శాండర్సన్, అగస్టస్ వాలర్ తీవ్రంగా ఎదురుచెప్పారు. ప్రతిస్పందన అనే మాట తమ శాస్త్రానికి చెందినదని, భౌతికశాస్త్రజ్ఞుడు పత్రం శీర్షిక మార్చుకోవాలని శాండర్సన్ సూచించాడు. బోస్ మార్చనన్నాడు. సొసైటీ ఆ పత్రాన్ని ప్రచురించకుండా భద్రపరిచింది. కీటకాహార మొక్క అయిన వీనస్ ఫ్లైట్రాప్‌లో విద్యుత్ సంకేతాన్ని 1873లో మొదట నమోదు చేసినవాడు ఈ శాండర్సనే. కదలని సాధారణ మొక్కలలోనూ అటువంటిది ఉంటుందని ఆయన నమ్మలేకపోయాడు.

సెలవు ముగియవచ్చినా బోస్ తన వాదన నిరూపించుకునేందుకు ఇంగ్లాండులో ఉండిపోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఠాగూర్ త్రిపుర మహారాజు రాధాకిశోర్ మాణిక్యను అడిగి ధనసహాయం ఏర్పాటు చేశాడు. 1902లో లిన్నియన్ సొసైటీ బోస్ పత్రాన్ని స్వీకరించింది. అదే ఏట ఈ పరిశోధనలపై తొలి గ్రంథం కూడా వెలువడింది.

నమోదు పరికరాలు

మొక్కలో వచ్చే కదలిక చాలా సూక్ష్మం. దానిని గీయవలసిన ములుకు మసిపూసిన గాజుపలకపై రాసుకుంటూ పోతే ఆ రాపిడిలోనే సంకేతం నశిస్తుంది. అత్తిపత్తి ఆకును లాగే బలం అంత తక్కువ. దీనికి బోస్ కనిపెట్టిన ఉపాయం రెజొనెంట్ రికార్డర్. ఇందులో ములుకు సెకనుకు నిర్ణీతమైన సంఖ్యలో కంపిస్తూ పలకను క్షణకాలం తాకి వదులుతుంది. ఫలితంగా అవిచ్ఛిన్నమైన గీతకు బదులు చుక్కల వరుస పడుతుంది. రాపిడి పోయింది. రెండు చుక్కల మధ్య కాలం ముందే తెలుసు కనుక వేరే గడియారం అవసరం కూడా లేకపోయింది. సెకనులో వెయ్యవ వంతు వరకు కొలవడం సాధ్యమయింది. అత్తిపత్తిలో ప్రేరణ ఎంత వేగంతో ప్రయాణిస్తుందో దీనితో కొలిచి 1913లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. నేటి సెన్సర్లు కూడా నిరంతరం మారే సంకేతాన్ని నియమిత కాలవ్యవధులలో చుక్కలుగా తీసుకొని అంకెలుగా మారుస్తాయి. ఆ ప్రక్రియను శాంప్లింగ్ అంటారు. బోస్ ఉద్దేశం వేరైనా ఈ చుక్కల వరుసను చూస్తే ఆ పాఠం విద్యార్థికి సులభంగా అర్థమవుతుంది.

మొక్క పెరుగుదలను కొలిచే క్రెస్కోగ్రాఫ్ ఈయన పరికరాలన్నిటిలో ప్రసిద్ధమైనది. రెండు తులాదండాల అమరికతో ఇది పెరుగుదలను 10,000 రెట్లు పెద్దది చేసి చూపేది. తరువాత అయస్కాంత క్రెస్కోగ్రాఫ్‌తో మరెన్నో రెట్లు పెంచాడు. ఇంత పెద్దది చేసినపుడు నిజమైన పెరుగుదల ఏది, వేడికి వచ్చిన వ్యాకోచం ఏది అని సందేహించడం సహజం. వాలర్ ఈ సందేహమే లేవదీశాడు. 1920లో లండన్ యూనివర్సిటీ కళాశాలలో పలువురు శాస్త్రవేత్తల ఎదుట పరికరాన్ని పరీక్షించగా దాని కొలతలు సరైనవని వారు ప్రకటించారు.

బోస్ నిర్ణయాలన్నీ నిలిచాయని చెప్పలేము. వేళ్ళ నుండి నీరు పైకి ఎక్కడానికి కణాల స్పందనమే కారణమని 1923లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని వృక్షశాస్త్రం స్వీకరించలేదు. మొక్కలలో నరాలవంటి వ్యవస్థ ఉందని చెప్పడంలోనూ ఈయన ఆధారాలను మించి మాట్లాడాడని విమర్శ ఉంది. మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్న ముఖ్యాంశం మాత్రం తరువాతి ప్రయోగాలలో రుజువయింది.

బోస్ సంస్థ, చివరి రోజులు

1915లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి పదవీ విరమణ చేశాడు. 1917లో సర్ బిరుదు లభించింది. ఆ సంవత్సరమే తన పుట్టినరోజైన నవంబరు 30న కలకత్తాలో బోస్ సంస్థను ప్రారంభించాడు. బెంగాలీలో దీనిని బసు విజ్ఞాన మందిర్ అంటారు. ఇక్కడి ఆవిష్కరణలపై పేటెంటు తీసుకోరాదని ప్రారంభంలోనే నియమం పెట్టాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1927లో లాహోరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు.

1896లో ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి ఈయన వ్రాసిన బెంగాలీ కథలో సీసాడు తలనూనె సముద్రంలో పోయగా తుఫాను శాంతిస్తుంది. బెంగాలీ విజ్ఞాన కల్పనా కథలలో దీనిని తొలినాటిదిగా ఎంచుతారు. బెంగాలీ వ్యాసాలు 1921లో అవ్యక్త పేరుతో పుస్తకంగా వచ్చాయి.

1937 నవంబరు 23న, 79వ పుట్టినరోజుకు వారం ముందు, గిరిడీలో మరణించాడు. ఈ పట్టణం నేడు ఝార్ఖండ్ రాష్ట్రంలో ఉంది.

మిల్లీమీటరు తరంగాలు తిరిగి వాడుకలోకి రావడం

బోస్ విడిచిపెట్టిన తరంగాలను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ అభివృద్ధి చెందిన తరువాత వేవ్‌గైడ్లు, హార్న్ యాంటెన్నాలు మళ్ళీ రంగంలోకి వచ్చాయి. అమెరికాలో కిట్ పీక్ వద్ద ఉన్న 12 మీటర్ల రేడియో టెలిస్కోపుకు అమర్చిన ఒక గ్రాహకంలో బోస్ 1897లో వివరించిన పద్ధతులను ఉపయోగించారని ఖగోళ శాస్త్రవేత్త డారెల్ ఎమర్సన్ వ్రాశాడు. ముందున్న వాహనం దూరాన్ని కొలిచే కారు రాడార్లు 76 గిగాహెర్ట్జ్ పైన పనిచేస్తాయి. చేయి ఊపితే గుర్తించే 60 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సరును 2019లో గూగుల్ పిక్సెల్ 4 ఫోనులో అమర్చారు. ఈ సంఖ్య బోస్ బల్లమీది పై హద్దే. తేడా ఏమిటంటే, బోస్ గ్రాహకం తరంగం వచ్చిందా లేదా అని మాత్రం చెప్పగలిగేది. నేటి చిప్పు తిరిగివచ్చిన తరంగంలోని సూక్ష్మమైన మార్పులను లెక్కించి, ఎదుటి వస్తువు ఎంత దూరాన ఉందో, ఎంత వేగంతో కదులుతోందో తేలుస్తుంది.

2012లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ బోస్ ప్రయోగాలను మైలురాయిగా గుర్తించింది. చంద్రునిపై ఒక బిలానికి ఈయన పేరుంది. ఈయన తయారుచేసిన స్ప్రింగు గ్రాహకాలు, కొమ్ములు, క్రెస్కోగ్రాఫ్ మొదలైనవి కోల్‌కతాలోని బోస్ సంస్థ ప్రదర్శనశాలలో ఉన్నాయి.